జనరల్ గారి సొట్ట గుండిగ

నేను ఒక సత్తు గుండిగను. అలా వంకరగా చూడకండి, నా సొట్ట సంగతి నేనే చెబుతాను.

పుట్టింది మనీలాలో, మసిబారింది ఫిలిప్పీన్స్ సైన్యం పొయ్యిల మీద. దక్షిణాన మిందనావో కొండల్లో లెఫ్టినెంట్ ఇసిద్రో మగ్‌బనువా దళానికి నాలోనే అన్నం వండేవారు. ఆ సైన్యంలో ఒక ఆచారం ఉంది. పొడవాటి బల్ల మీద అరటాకులు పరిచి, నన్ను వంచి అన్నం కుప్ప పోస్తారు. అధికారి, సిపాయి అనే తేడా లేకుండా పక్కపక్కనే నిలబడి చేత్తో తింటారు. పదవి పెరిగేకొద్దీ మిగతా అధికారులు చేత్తో తినడం మొరటని చెంచాలు పట్టారు. ఇసిద్రో మాత్రం కర్నల్ అయినా నన్నూ, వంటవాడు సార్జెంట్ తాసియోనూ వెంటబెట్టుకునే తిరిగాడు.

ఒక ఏడాది తిరుగుబాటుదారులు లోయలోని ఒక ముస్లిం పల్లెలోకి చొరబడ్డారు. పిల్లాజెల్లా అంతా ఇళ్లలోనే ఉన్నారు. మధ్యాహ్నానికల్లా ఆ ఊరిని ఫిరంగులతో నేలమట్టం చెయ్యమని పెద్ద జనరల్ రేడియోలో ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పని చేస్తే ఇసిద్రో భుజానికి జనరల్ నక్షత్రం ఖాయమట. మనుషుల బహుమానాలు నాకెప్పుడూ కొరుకుడు పడలేదు.

ఇసిద్రో కాసేపు లోయకేసి చూసి, ఎసరు పెట్టమన్నాడు. తాసియో అలవాటు కొద్దీ పక్క పొయ్యి మీద పంది మాంసం కూడా ఎక్కించాడు. ఎవరి ఊరికి వెళుతున్నామో చూసుకోవా అని చివాట్లు పెట్టి, ఎండుచేపలు మాత్రం కట్టించాడు ఇసిద్రో. తర్వాత తుపాకి తీసి పక్కన పడేశాడు. నన్ను వెదురుబొంగుకు కట్టి, ఒక కొస తను, ఒక కొస తాసియో మోస్తూ లోయలోకి దిగారు. సత్తుదాన్నయినా భయపడ్డాను. దారి పొడుగునా నా మూత టకటకలాడుతూనే ఉంది.

మసీదు ముందు అరటాకులు పరిచారు. కిటికీల్లోంచి తుపాకులు మా మీదికే గురిపెట్టి ఉన్నాయి. అమీనా అనే పెద్దామె ఒక్కతే బయటికొచ్చింది.

"ముందు నువ్వు తిను నాయనా, చూస్తాను," అంది.

ఇసిద్రో తిన్నాడు. అప్పుడు ఆమె చెయ్యి పెట్టింది. ఆమె వెనక ఆడవాళ్లు, పిల్లలు, చివరికి ఊరంతా ఆకుల దగ్గర చేరింది. కొండ మీద రేడియో కాల్చమని గోల పెడుతుంటే, "మా కర్నల్ అక్కడే భోంచేస్తున్నారు, మేం కాల్చం" అని ఫిరంగుల వాళ్లు తెగేసి చెప్పారట. ఊరు తమ చేయి దాటిపోయిందని తెలిసి తిరుగుబాటుదారులు పెరటి దారిన జారుకున్నారు.

సాయంత్రం పెద్ద జనరల్ హెలికాప్టర్‌లో దిగి, నిప్పులు తొక్కిన కోతిలా గంతులేశాడు. ఇసిద్రో మీద చెయ్యి చేసుకోలేక బూటుకాలితో నన్ను తన్నాడు. ఈ సొట్ట అదే. కోర్టు మార్షల్ చేయిస్తానన్నాడు.

"చేయించండి సార్. ఊరు మాత్రం ఉంది," అన్నాడు ఇసిద్రో.

కోర్టు మార్షల్ జరగలేదు. ఒక్క గుండు పేలకుండా ఊరు దక్కిందని పత్రికలు పొగిడేసరికి, ఆ తన్నినాయనే వచ్చి ఇసిద్రోకు పతకం గుచ్చాడు. ఆ ఉపాయం తనదేనని ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఆ తర్వాత నక్షత్రమూ వచ్చింది, ఛాతీ మీద చోటు చాలనన్ని పతకాలూ వచ్చాయి.

ఇప్పుడు నేను సైనిక మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాను. రిటైరైన జనరల్ ఇసిద్రోను పతకాలు ఇమ్మని ఇక్కడివాళ్లు అడిగితే నన్ను తెచ్చి ఇచ్చాడు. సొట్ట తీయించి మెరుగు పెట్టిస్తామన్నారు మ్యూజియం వాళ్లు.

"కావాలంటే నా పతకాలు కరిగించుకోండి. దాని సొట్ట జోలికి మాత్రం రాకండి," అన్నాడాయన.

సొట్ట జనం వైపుకు ఉండేలా తన చేత్తోనే నన్ను తిప్పి పెట్టి వెళ్లాడు. అప్పుడప్పుడూ పెద్ద పెద్ద అధికారులు వస్తారు. నాకేసి ఒకసారి చూసి, పక్కనున్న పలక మీద నా సొట్ట కథ చదివి, తమ బూట్లకేసి చూసుకుంటారు. చూడనివ్వండి. సిగ్గుపడాల్సింది నేను కాదు.