ఫ్రీజ్‌లో ఒక్క అంకె

ఆ ఇంట్లో అన్నయ్యకి చేతి దురద. పాడైనదాన్ని బాగుచేస్తాడు, బాగున్నదాన్ని కూడా వదలడు. కారుతున్న కుళాయికి వాషరు వెయ్యమంటే వంటగది గొట్టాలన్నీ ఊడదీసి కూర్చున్న మహానుభావుడు.

పదేళ్ళుగా అతను లినక్స్ అనే ఉచిత కంప్యూటరు వ్యవస్థని తయారుచేసే ఒక బృందంలో అలారం ప్యాకేజీని, అంటే అలారం మోగించే ప్రోగ్రాముని, చూసుకుంటున్నాడు. ఆ వ్యవస్థ కొత్త రూపం విడుదల దగ్గరపడి ఫ్రీజ్ మొదలైంది. ఫ్రీజ్ అంటే మరేం లేదు, ఇక ఎవరూ ఏ ప్యాకేజీనీ ముట్టుకోకూడదు. తప్పు దొరికితే ఆ తప్పు మటుకే దిద్ది, విడుదల అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. దిద్దిన మనిషే ఆ విడుదల నడిచినంతకాలం ప్యాకేజీకి పూచీ. ఆ అధికారి ఎవరయ్యా అంటే, పక్కగదిలో కూర్చున్న సొంత చెల్లెలు!

తప్పు దొరకనే దొరికింది. నెలకి ముప్పై రోజులే అని రాసుంది, ముప్పై ఒకటో తేదీన అలారం మోగదు. సాయంత్రం అయిదులోగా దిద్దకపోతే ప్యాకేజీని తీసేస్తారు. మళ్ళీ విడుదల రెండేళ్ళకి, అందాకా దిక్కులేదు. పదేళ్ళ చాకిరీ మరి, అతను పరుగున వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

మార్చాల్సింది ఒక్క అంకె. అతను పంపింది నలభై లైన్లు.

“ఎలాగూ చెయ్యి పెట్టాను కదా అని పక్కన గజిబిజి కూడా సర్దానే,” అన్నాడు చెల్లెలి గుమ్మంలో నిలబడి.

“నోటితో కాదన్నయ్యా, రాసి పంపు,” అంది చెల్లెలు తెర మీంచి చూపు తిప్పకుండా. “ఇది తిరస్కరించాను.”

రెండోసారి ఇరవై లైన్లు. మూడోసారి పదకొండు, ఖాళీ జాగాలు సరిచేశాడట! కుక్కతోక వంకర. నాలుగున్నరకి చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కేకేశాడు. “అమ్మా, నావల్ల కావట్లేదే!”

అమ్మ బట్టలు సరిచేసే దర్జీ. కంప్యూటరు ముట్టుకున్న పాపాన పోలేదు. మిషను వదిలేసి వచ్చింది.

“చిరుగెక్కడరా?”

“ఇదిగో, ఈ సున్నా చెరిపి ఒకటి కొట్టు. ఆ కింద లైను కూడా వంకరగా ఉంది, పనిలో పని...”

“చిరుగు అడిగాను, చొక్కా కథ కాదు.”

ఒక్క వేలితో కొట్టి, అతను చూపించిన మీట నొక్కి పంపించేసింది. పక్కగదిలోంచి చెల్లెలి అరుపు వినిపించింది.

“ఒక్క అంకె! ఇది అన్నయ్య పని కాదే! ఎవరు చేశారు?”

“నేనేలేవే,” అంది అమ్మ.

అయిదుకి రెండు నిమిషాలుండగా ఆమోదం వచ్చింది. అతను అమ్మని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కళ్ళు తుడుచుకుని తెర మీద చూస్తే, పదేళ్ళుగా తన పేరున్న పూచీదారు గడిలో చెల్లెలు అమ్మ పేరు రాసేసింది. రెండేళ్ళ దాకా అంతే.

అయినా ఉండబట్టలేదు. “అమ్మా, విడుదలయ్యాక ఆ వంకర లైను...”

అమ్మ అప్పటికే మిషను తొక్కుతోంది. “నోటితో కాదు నాన్నా. రాసి పెట్టు, చూస్తాను.”

అతను కాగితం తీసుకున్నాడు. ఒక్క ముక్కా రాయకముందే స్కేలు పెట్టి తిన్నగా మార్జిను గీశాడు.