కిటికీ పక్క మెషిన్

మా కాలేజీలో ఏదైనా పనిచేయకపోతే ముందు వస్తువును చూడరు, మనిషిని చూస్తారు. ఎవరు ముట్టుకున్నారు, తాళం ఎవరి దగ్గరుంది, ఎవరికి ఎవరంటే గిట్టదు అని ఆరా తీస్తారు. వస్తువు సంగతి ఆ తర్వాత. తిరుచెంగోడు దాటాక రోడ్డు మీదే ఉంటుంది మా పాలిటెక్నిక్. అయిదేళ్ళుగా అక్కడి నీళ్ళు తాగుతున్నవాణ్ణి, నాకు మాత్రం ఆ బుద్ధి రాకుండా ఎలా ఉంటుంది? ఆయుధపూజ సెలవులయ్యాక కాలేజీ తెరిచిన రోజు, నా ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ నత్తనడక నడుస్తుంటే నేనూ మనిషి కోసమే వెతికాను.

నా పేరు కార్మేఘం. ల్యాబ్ టెక్నీషియన్ని, అదీ టెంపరరీ. దీపావళికి పర్మనెంట్ ఆర్డర్ ఇస్తామని ప్రిన్సిపాల్ తంగవేలు గారు మాటిచ్చారు. ఈలోగా ఏదో ఉద్యోగాల ఆన్‌లైన్ పరీక్ష జరిపేవాళ్ళు మా ల్యాబ్‌ను సెంటర్‌గా తీసుకుంటామన్నారు. మర్నాడు పొద్దున్నే వాళ్ళ మనిషి చూడటానికి వస్తాడు. అప్పటికల్లా నలభై మెషిన్లలోనూ పాతదంతా తుడిచేసి, వాళ్ళిచ్చిన కొత్త సిస్టమ్ ఎక్కించి ఉండాలి. సాయంత్రం లోపల పని కాకపోతే సెంటర్ పోతుందనీ, సెంటర్ పోతే నా ఆర్డర్ మీద సంతకం కూడా పోతుందనీ ప్రిన్సిపాల్ పొద్దున్నే చెప్పేశారు. నా కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. ఆయన మేనల్లుడు నితిలన్, చదువు అయిపోయి, పని నేర్చుకునే పేరుతో నెల రోజులుగా నా భుజం వెనకే నిలబడి ఉంటున్నాడు.

మామూలుగా అయితే ఇది గంటలో అయ్యే పని. ఒక్కో మెషిన్‌కీ విడిగా ఎక్కించం. క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టే: సర్వర్ ఒక్కసారి చదువుతుంది, నలభై మెషిన్లూ ఒకేసారి రాసుకుంటాయి. టీకి వెళ్ళొచ్చేసరికి సగం అయిపోయేది ఎప్పుడూ. ఆ రోజు టీ తాగి, అరటికాయ బజ్జీ తిని, మళ్ళీ టీ తాగి వచ్చినా తెర మీద పని ఎంతయిందో చూపించే గీత కదిలినట్టే లేదు. ఈ లెక్కన రేపు సాయంత్రానికి కూడా కాదు.

మొదటి అనుమానం నితిలన్ మీద. వాడు తన ఫోన్ కోసం ల్యాబ్ మూలన ఒక వైఫై పెట్టె తగిలించుకున్నాడు. అడక్కుండా పీకేశాను. హాస్టల్‌కు వెళ్ళే తీగ కూడా పీకాను. క్రికెట్ చూస్తున్న పిల్లలు కిటికీల్లోంచి నా వంశాన్ని తలుచుకున్నారు. గీత కదల్లేదు. తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెను తీసేసి, స్టోర్‌లో ఉన్న రెండోది పెట్టాను. కదల్లేదు. సర్వర్ డిస్క్ చూశాను, నిక్షేపంలా ఉంది. నితిలన్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. సేలంలో వేరే కాలేజీ వాళ్ళు నన్ను పిలిచారని విన్నానని, నిజమేనా అని మెల్లగా అడిగాడు. నిజం కాదు. కానీ ఆ మాట ప్రిన్సిపాల్ చెవిన అప్పటికే పడి ఉంటుందని నాకు అర్థమైంది.

అప్పుడు తట్టింది మనోన్మణి మేడమ్ పేరు.

ఆవిడ మా డిపార్ట్‌మెంట్ హెడ్. కళ్ళకు దట్టంగా కాటుక పెట్టుకుని, స్కూటర్ మీద వచ్చి, ఎవరితోనూ అవసరానికి మించి మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. ఒకసారి సర్వర్ గదికి నేను నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కడితే, ఇది కంప్యూటర్ ల్యాబ్, లారీ కాదు అని తనే తెంపి బుట్టలో పడేసింది. పూజ రోజు ప్రిన్సిపాల్ గేటు దగ్గర గుమ్మడికాయ కొడుతుంటే మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది. అలాంటి మనిషి ఈ మధ్య నాతో వింతగా ఉంటోంది. నెల కిందట స్టాఫ్ మీటింగ్‌లో ప్రిన్సిపాల్ నన్ను లేపి నిలబెట్టి, ఈ కాలేజీలో జీతానికి సరిపడా పని చేసేవాడు వీడొక్కడే అన్నారు. అందరూ తలలు తిప్పి చూశారు. బయటికొచ్చాక మేడమ్ నా దగ్గరగా వచ్చి, "అంత పళ్ళు బయటపెట్టి నవ్వకు తంబీ, నలుగురూ చూస్తున్నారు," అంది. నవ్వితే కూడా ఓర్వలేదా అనుకున్నాను. ఆ తర్వాత నేను బండి మీంచి పడ్డప్పుడు, జ్వరంతో పడుకున్నప్పుడు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు ఎదురొచ్చారు అని పోలీసులా గుచ్చి గుచ్చి అడిగింది. నేను మంచాన పడితే ఆవిడకు అంత ఆసక్తి ఎందుకు?

అన్నిటికంటే పెద్ద అనుమానం తాళంచెవిది. పూజకు ముందు మెషిన్ల తీగలన్నీ పీకి, తుడిచి, గంధం కుంకుమలు పెట్టాం. పూజయ్యాక పనిముట్లను ముట్టుకోకూడదు కాబట్టి అలాగే వదిలేశాం. దీపం కొండెక్కేదాకా ఉండి నేనే తాళం వేస్తానంటే మేడమ్ ఒప్పుకోలేదు. నువ్వెళ్ళు, నేను చూసుకుంటాను అని తాళంచెవి లాక్కుంది. నేను గేటు దాటుతూ వెనక్కి చూస్తే ల్యాబ్‌లో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. సెలవులయ్యాక కూడా తాళంచెవి తిరిగివ్వకుండా తనే వచ్చి ల్యాబ్ తెరిచింది. దేవుడంటే గిట్టని మనిషికి పూజ అయిపోయిన ల్యాబ్‌లో ఒంటరిగా ఏం పని?

ఆ మాటే వెళ్ళి ప్రిన్సిపాల్‌కు చెప్పాను. మేడమ్ ఏదో చేసిందని నోరు తెరిచి అనలేదు. ఆ సాయంత్రం తాళం ఆవిడ దగ్గరే ఉందని, మీరే ఆలోచించుకోండని మాత్రం అన్నాను. అలా సగం చెప్పడమే ఎక్కువ పనిచేస్తుందని ఈ కాలేజీలో నేర్చుకున్నాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి, రుజువు చూపించు అన్నారు.

రుజువు కోసం తిరిగొచ్చాక నా బుర్ర కాస్త పనిచేసింది. డిక్టేషన్‌లో ఒక్క పిల్లాడు మళ్ళీ చెప్పండి సార్, మళ్ళీ చెప్పండి సార్ అంటుంటే మాస్టారు ఆగాల్సిందే. మిగతా క్లాసంతా కలాలు ఎత్తి పట్టుకుని కూర్చోవాల్సిందే. అంటే ఈ నలభైలో ఎక్కడో ఒక మందబుద్ధి ఉంది. దాన్ని పట్టుకుంటే, దాన్ని ముట్టుకున్న మనిషి దొరుకుతుంది.

ముందు వరుసలు మాత్రం పెట్టి మొదలుపెట్టాను. గీత పరిగెత్తింది. వెనక వరుసలు పెట్టాను, పాకింది. వెనకవాటిలో సగం తీసేశాను, పాకింది. ఇంకా సగం తీశాను. అప్పటికి నితిలన్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. గుమ్మంలో మనోన్మణి మేడమ్ కూడా ఎప్పుడొచ్చిందో, నిలబడి చూస్తోంది. చూడనీ, ఇప్పుడు దొరుకుతుంది అనుకున్నాను. చివరికి ఒక్క మెషిన్ మిగిలింది. కిటికీ పక్కది.

నాది.

రోజూ నేను కూర్చునే మెషిన్. పిల్లల్ని కూడా కూర్చోనివ్వను. వెనక తీగ పెట్టే చోట చిన్న దీపం ఆకుపచ్చగా వెలగాలి, నారింజ రంగులో ఉంది. ఏమీ చూడనట్టు దాన్ని పక్కన పెట్టేసి మిగతా ముప్ఫై తొమ్మిదీ నడిపిద్దామనుకున్నాను. కానీ నితిలన్ అప్పటికే ఫోన్ తీసి మామయ్యను పిలిచేశాడు.

ప్రిన్సిపాల్ వచ్చేసరికి తీగ పీకి పట్టుకుని నిలబడ్డాను. దాని మూతి మీద, రాగి గీతలు ఉండే చోట, నల్లగా జిడ్డు అంటుకుని ఉంది. లోపలుండే ఎనిమిది సన్న తీగల్లో రెండు పలకకపోయినా చాలు, మెషిన్ ఎవరికీ చెప్పకుండా పాతకాలపు వేగానికి దిగిపోతుంది. ఎవరో కావాలనే గ్రీజు పూశారు అన్నాడు నితిలన్. అన్నది గాల్లోకి, చూసింది నన్ను.

"ఇది నీ మెషినే కదయ్యా?" అన్నారు ప్రిన్సిపాల్.

"అవును సార్."

"నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోరు కదా?"

"ముట్టుకోరు సార్."

"పొద్దున తీగలన్నీ పెట్టింది ఎవరు?"

నేనే పెట్టాను. అన్నీ నా చేత్తోనే పెట్టాను. సేలం మాట ఆయన అనలేదు గానీ, ఆయన మొహంలో ఆ మాటే ఉంది. నితిలన్ అప్పుడే నా కుర్చీ వంక చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. మళ్ళీ తాళంచెవి సంగతి ఎత్తుదామని మేడమ్ వైపు తిరిగాను. ఆవిడ నా చేతిలో తీగ తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఇది నా కాటుక," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ తల దించుకోకుండా, పాఠం చెప్పినట్టే చెప్పింది.

"పూజ రోజు అందరూ వెళ్ళిపోయాక నేనే పెట్టాను సార్. ముందుంటే కనబడుతుందని వెనక, తీగ పెట్టే కన్నం అంచున పెట్టాను. పొద్దున ఇతను తీగ దూర్చేటప్పుడు లోపలికి పోయుంటుంది."

"కాటుక ఎందుకు మేడమ్?"

"దిష్టి చుక్క."

"మెషిన్‌కా?"

"మెషిన్‌కెందుకు సార్ దిష్టి? వీడికి. మీరేమో అంతమందిలో నిలబెట్టి పొగిడారు. ఆ వారమే బండి మీంచి పడ్డాడు. ఆ వెంటనే జ్వరం. ఇంత మనిషికి బుగ్గన చుక్క పెట్టలేను కదా, అందుకని వాడు కూర్చునే చోట పెట్టాను."

ముందు నితిలన్ నవ్వాడు. తర్వాత ప్రిన్సిపాల్ నవ్వారు, పొట్ట పట్టుకుని మరీ. నిమ్మకాయ కట్టనివ్వని మనిషి, కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ హెడ్, నెట్‌వర్క్‌కు కాటుక పెట్టిందంటే కాలేజీలో ఇంకో పదేళ్ళు చెప్పుకుంటారు. అది ఆవిడకూ తెలుసు. నోరు మూసుకుని ఉంటే ఎవరూ ఆవిడ దాకా వచ్చేవారు కాదు. ఆర్డర్ పోయేది నాకు, ఆవిడకు కాదు. ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుని, నవ్వులు అయ్యేదాకా నిలబడింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, నా భుజం తట్టి, "పొద్దున ఇతను వచ్చి ఆ సాయంత్రం తాళం మీ దగ్గరే ఉందని చెప్పాడు మేడమ్. నేనే నమ్మలేదు," అన్నారు.

నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ మొదటిసారి నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆ క్షణంలో ఆర్డర్ పోయినా సరే, ఆయన ఆ మాట అనకుండా ఉంటే చాలనిపించింది.

"సరిగ్గానే చెప్పాడు సార్," అంది. "నా దగ్గరే ఉంది."

తర్వాత ఆవిడే స్పిరిట్ తెప్పించి, అగ్గిపుల్లకు దూది చుట్టి, కన్నం లోపలంతా ఓపిగ్గా తుడిచింది. నేను కొత్త తీగ పెట్టాను. దీపం ఆకుపచ్చగా వెలిగింది. నలభై మెషిన్లూ కలిపి మళ్ళీ మొదలుపెడితే గీతలన్నీ ఒకేసారి పరిగెత్తాయి. చూస్తుండగానే సగం దాటాయి. ప్రిన్సిపాల్ రేపు తొందరగా రమ్మని చెప్పి వెళ్ళారు, నితిలన్ ఆయన వెనకే వెళ్ళాడు. ఎంత సిగ్గుగా ఉన్నా, ఆ గీతలు చూస్తుంటే నాకు తెలియకుండానే నవ్వొచ్చింది.

మేడమ్ హెల్మెట్ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"అంత పళ్ళు బయటపెట్టి నవ్వకు తంబీ," అంది. "నలుగురూ చూస్తారు."

ల్యాబ్‌లో నేను తప్ప ఎవరూ లేరు. క్షమించమని అడగడానికి నోరు తెరిచేలోపు ఆవిడ వెనక్కి వచ్చి, తాళంచెవి నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది.