తెల్లరాళ్ల గుర్తు

గులకరాళ్లు కాలుతున్నాయి. పందొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం, రోహిణి కార్తె.

నంద్యాల పార్కులో బయ్యమ్మ చీపురు ఆగింది.

రాళ్ల నడుమ, రాళ్ల రంగులోనే... నాలుగు గుడ్లు. తీతువు పిట్టవి.

ఆళ్లగడ్డ అవతల నల్లమలలో పుట్టిన చెంచు మనిషి ఆమె. ఈ పార్కు ఊడవడానికి వచ్చి ఏడాది కావస్తోంది. ఆరుద్ర కార్తెలో గడ్డిలోకి వచ్చిన ఎర్రపురుగుల్ని పలకరించింది. వానల్లో కప్పల గోల విన్నది. చలికాలం తోకాడిస్తూ దిగిన జిట్టంగి పిట్టను చూసి, నువ్వూ పొట్ట కోసమే వచ్చినావా అని అడిగింది. ఊళ్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. వీటితోనే చుట్టరికం కలుపుకుంది.

తల్లి తీతువు కొళాయి గుంటలో పొట్ట తడుపుకుని వస్తుంది. గుడ్లు ఎండకు ఉడికిపోకుండా ఆ తడితో వాటి మీద కూర్చుంటుంది. మళ్లీ పోతుంది, మళ్లీ తడుపుకుంటుంది — రోజంతా అదే పని.

ఎవరైనా తొక్కుతారని బయ్యమ్మ గుడ్ల చుట్టూ తెల్లరాళ్లు పేర్చింది. పక్కన గడ్డిపోచ ముడివేసి పెట్టింది. అడవిలో తేనెపట్టు కనబడితే ఇలాగే గుర్తు పెడతారు. ఒకరు గుర్తు పెట్టినదాన్ని ఇంకొకరు ముట్టరు. ఎంత ఆకలైనా ముట్టరు.

మర్నాడు రాళ్లు ఉన్నాయి. ముడి ఉంది. నడుమ చితికిన గుడ్లకు చీమలు పట్టాయి.

పార్కు మేస్త్రీ నరసింహులు చేతికర్ర కొనకు సొన అంటుకుని ఉంది.

"ఏందప్పా ఈ పని?"

"మాయమ్మ మంచం పట్టిండాది. దినామూ ఆ పిట్ట ఇంటి మీద అరస్తాండాది. చావు కూత అది. గుడ్లు యాడుండాయో తెలీక పది దినాలు వెతికినా. నువ్వు రాళ్లు పెట్టింటివి, దొరికినాయి."

చావు కూతట. అడవిలో చిరుత దగ్గరికొస్తే అరిచేది ఆ పిట్టే. ఆ కూత వినబట్టే ఆమె నాయన రెండుసార్లు బతికి ఇల్లు చేరాడు.

బయ్యమ్మకు ఒళ్లు మండింది. మేస్త్రీ మీద మండింది. ముసలమ్మ రోగానికి పిట్ట మీద నేరం మోపే ఊరి మీద మండింది. అన్నిటికంటే ఎక్కువగా తన చేతుల మీద మండింది — రాళ్లు పేర్చిన చేతులు, ముడివేసిన చేతులు. చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

మృగశిరలో వాన పడింది. తీతువులు మళ్లీ గుడ్లు పెట్టాయి. కంచె మూలన, ఈసారి మూడే.

బయ్యమ్మ రాయి పెట్టలేదు. ముడి వేయలేదు.

నరసింహులు కర్ర పట్టుకుని వచ్చాడు. "మళ్లీ అరస్తాండాయి. యాడన్నా పెట్టినాయా?"

"ల్యాదప్పా."

అతని కళ్లలోకి చూసే చెప్పింది. అడవిలో ఆమెకు ఇలాంటి అబద్ధంతో ఎన్నడూ పని పడలేదు. ఊరు ఏడాదిలో నేర్పింది.

అతను కంచె వైపు ఒక అడుగు వేశాడు. పైన తీతువు అరిచింది. ఇంకో అడుగు... గుడ్లకు దగ్గరయ్యే కొద్దీ కూత ఇంకా పెరిగింది.

నోరు మూసుకోవే, అని పళ్లు బిగించి బయ్యమ్మ ఆ పిట్టను తిట్టింది.