ఫొటో లేని మనిషి

తిరుమలరావు ముప్పై నాలుగేళ్ళు గూడ్సు రైలు గార్డుగా పనిచేసి రిటైరయ్యాక బిలాస్‌పూర్ దయాల్‌బంద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడి తెలుగువాళ్ళ ఫేస్‌బుక్ గ్రూపుకి ఆయనే పెద్ద దిక్కు. కార్పొరేషన్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. తన పార్టీ తరఫున రోజూ ఏదో ఒకటి రాసేవాడు.

మురుగు కాలవల మీద మూతలు వేయించింది మావాళ్ళేనని రాసిన రోజు, కింద ఒక కామెంటు వచ్చింది. "మా వీధి కాలవకి మూత లేదు. అబద్ధం రాయకండి." రాసిన ఖాతాకి ఫొటో లేదు. 'సి.తల్లి' అని పేరు, పక్కన ఐదంకెలు. మర్నాడూ అదే మాట, ఆ పైరోజూ అదే మాట. సరిగ్గా పగలు పదకొండింటికి.

"ఇది మనిషి కాదమ్మా. అవతలి పార్టీవాళ్ళు పెట్టిన బాట్. మెషీను," అన్నాడు కూతురు ప్రసూనతో.

"అచ్ఛా? ఎలా తెలిసింది నాన్నా?" అంది ప్రసూన. ఆమె బ్యాంకులో పనిచేస్తుంది.

"ఫొటో లేదు. పేరు పక్కన అంకెలు. గంట కొట్టినట్టు అదే టైముకి అదే ముక్క. ఇంకేటి కావాలి?"

"మరి మీ సౌభాగ్య?"

ఆయన ఏం రాసినా నిమిషంలో 'చక్కగా చెప్పారు సర్' అని దణ్ణం పెట్టే ఖాతా అది. ఫొటో బదులు గులాబీ పువ్వు. ప్రసూన ఫోనులో వెతికి చూపించింది. ఒక చెప్పుల దుకాణం ప్రకటన కింద, ఒక కోచింగ్ సెంటర్ ఫలితాల కింద కూడా సౌభాగ్య అదే మాట రాసి దణ్ణం పెట్టింది.

తిరుమలరావు కాసేపు చూసి, "పాపం మంచి మనిషి. అందర్నీ మెచ్చుకుంటాది," అన్నాడు.

మర్నాడు పన్నెండుమంది స్నేహితులకి చెప్పి ఆ అంకెల ఖాతా మీద ఫిర్యాదులు పెట్టించాడు. రెండు రోజుల్లో ఖాతా మూతపడింది. 'మెషీను ఆగిపోయింది' అని గ్రూపులో సంబరంగా రాశాడు.

ఆదివారం తెలుగు సంఘం హాల్లో ఎన్నికల సభ జరిగింది. తిరుమలరావు మైకు పట్టుకుని కాలవల సంగతి ఎత్తుకోగానే, వెనక వరసలోంచి యాభై ఏళ్ళ ఆడమనిషి లేచి నిలబడింది.

"మా వీధి కాలవకి మూత లేదు. అబద్ధం సెప్పకండి!"

రోజూ కామెంటులో చదివిన మాటే. తర్వాత ఏం మాట్లాడాడో ఆయనకే గుర్తులేదు. సభ అయ్యాక ఆమెని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆమె పేరు చిన్నతల్లి. భర్త లోకో షెడ్డులో ఖలాసీగా ఉండగా పోయాడు. ఆమె ఊరి చివర సిర్గిట్టిలో ఒక గోదాములో నట్లూ బోల్టులూ ప్యాకింగు చేస్తోంది. ఇల్లూ అక్కడే.

"రోజూ పదకొండింటికే ఎందుకు రాసేదానివమ్మా?"

"టీ టైములోనే ఫోను ముట్టుకోనిస్తారు బాబూ. నాను హిందీ బళ్ళో సదివినాను, తెలుగు రాయడం రాదు. పక్కింటి టీచరమ్మ ఓపాలి రాసిచ్చినాది. అదే రోజూ ఎక్కించీదాన్ని."

"ఆ అంకెలు?"

"ఫోనే ఎట్టినాది. ఏటి, తప్పా?"

"ఫొటో అయినా పెట్టలేకపోయావా?"

"ఆడమనిషిని. ఊరందరికీ మొకం ఎందుకు సూపించాల?" అంది. తర్వాత, "మెషీను ఆగిపోనాదని రాసినారట. ఆ కాలవలో పడి మాయత్తకి తుంటి ఇరిగిపోనాది బాబూ. మెషీనుకి అత్త ఉంటాదా?" అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది.

మర్నాడు తిరుమలరావు ఆ వీధికి వెళ్ళి చూశాడు. కాలవ మీద మూత లేదు. జనం రెండు చెక్కలు అడ్డంగా వేసుకుని దాటుతున్నారు. ఇంటికొచ్చి గ్రూపులో రాశాడు: 'కాలవకి మూత లేదు, కళ్ళారా చూశాను. రాసింది మనిషే. ఖాతా మూయించడం నా తప్పు.' ఓటు మాత్రం తన పార్టీకే వేస్తాడు. కాకపోతే ఆ కాలవ సంగతి వాళ్ళనీ అడుగుతాడు.

ప్రసూన చిన్నతల్లికి కొత్త ఖాతా తెరిచింది. ఈసారి చిన్నతల్లే ఫొటో పెట్టమంది. ఆ సాయంత్రమే దాని కింద ఒక కామెంటు పడింది. 'ఈ బొమ్మ కూడా మెషీను చేసిందే.' రాసింది నూకరాజు. తిరుమలరావుతో కలిసి గార్డుగా చేసినవాడు. ఫిర్యాదు పెట్టిన పన్నెండుమందిలో ఒకడు.

తిరుమలరావు ఫోను చేశాడు. "ఆవిడతో నేను మాట్లాడాన్రా. నువ్వు చూశావా ఆవిడని?"

"సూడ్డమెందుకురా? మన పార్టీ మీద ఏటి రాసిందో సూసినాను కదా!"

వారం కిందటయితే ఆ మాట తిరుమలరావే అనేవాడు.

"రేపు పొద్దున్న ఖాళీయేనా? సిర్గిట్టి వెళ్ళొద్దాం," అన్నాడు.

"దేనికి?"

"కాలవ చూడ్డానికి."

"మోకాళ్ళు నొప్పిరా, నడవలేను."

"నడవక్కర్లేదు. ఆటో నేను మాట్లాడతాను."

"ఎన్నింటికి?" అన్నాడు నూకరాజు.