ఒక్క మాట మారిన కాగితం

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ వినలేదు. అడవి కనబడని ఊళ్లో మిమ్మల్ని పెంచుతున్నాను కాబట్టి రాస్తున్నాను, నాకు తెలిసినంత వరకే, ఏమీ కలపకుండా.

మీ పెద్దత్త దేశం లెక్కలు కట్టే ఆఫీసులో పనిచేసేది. పొద్దున్నే ఫ్యాను వేసి, అడవి రిజిస్టరు కింద పళ్లెం పెట్టేది. అడవి గురించి నిజమైన అంకె రాస్తే కాగితంలోంచి నీళ్లు కారేవి.

"కొండవైపు వాన గట్టిగానే ఉన్నట్టుందమ్మా," అంటూ అటెండరు పళ్లెం పారబోసి, టీ తెచ్చేవాడు.

అప్పటిదాకా నరికిన కలపే లెక్క. నిలబడ్డ చెట్టుకి సున్నా. ఆ సున్నా చెరపాలని అత్త మూడేళ్లు తిరిగింది. తేనె తీసే ముసలాయన ఆమెకి ఊటలన్నీ చూపించాడు.

"ఇదంతా రాస్తే ఏమవుతుందమ్మా?"

"ఎంతుందో తెలిస్తే ఎవరూ ముట్టుకోరు బాబాయ్. పూచీ నాది."

ఆఫీసరు అత్త దగ్గర పని నేర్చుకున్నవాడే. "మీరు లెక్క తేల్చండక్కా, మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు.

ఊటలకింత, తేనెకింత, వరద ఆపినందుకింత అని తేల్చి, అంకె పైగడిలో 'విలువ' అని రాసింది అత్త.

నెల తిరక్కుండా ఆ కాగితం గనుల కంపెనీకి అమ్మకపు పత్రమై తిరిగొచ్చింది. అంకె అదే. పైగడిలో మాత్రం 'ధర' అని ఉంది.

"ఏంట్రా ఇది?"

"ఒక్క మాటేగా అక్కా మార్చింది! మీ లెక్క వల్లే మంచి రేటు పలికింది. 'లెక్క కట్టినవారు' అన్నచోట సంతకం పెట్టండి."

"నా చేత్తోనే అమ్మిస్తావా? పెట్టను."

"సరే, మీ బదులు నేనే పెడతా."

పెట్టాడు. కాగితం చెమర్చి, సంతకం కారిపోయింది. కలం మార్చాడు, ఫ్యాను కింద ఆరబెట్టాడు. లాభం లేకపోయింది. అమ్మకం ఆగింది.

"సార్ చేతికి వాన పట్టింది," అన్నాడు అటెండరు, తుడుచుకోమని గుడ్డ అందిస్తూ.

ఆ రోజు నుంచి ఆఫీసరు సంతకం ఏ కాగితం మీదా నిలవలేదు, హాజరు పట్టీలో కూడా. రోజూ వచ్చి కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఏడాదిగా రావడం లేదని ఉద్యోగంలోంచి తీసేశారు.

అమ్మకం ఆగిందని చెప్పడానికి అత్త ముసలాయన దగ్గరికి వెళ్లింది. అమ్మకం సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది.

"పూచీ అన్నావుగా," అని తలుపేసుకున్నాడు. మళ్లీ తియ్యలేదు.

మీ పిల్లలకి కూడా ఈ కథ చెప్పండి. నా గొంతు మర్చిపోయినా ఫర్వాలేదు. ఒక్క మాటైనా మార్చకండి.