చూరులో ఒక కట్ట

మధ్యాహ్నం పన్నెండింటికి తగలబెట్టబోయే బడికి అమ్మాయమ్మ పొద్దున్నే పేడ అలుకుతోంది. నడుముకు గోనెగుడ్డ చుట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో అరచందమామలు దిద్దుకుంటూ గుమ్మం వైపు వెనక్కి జరుగుతోంది. అరవై రెండేళ్ళ మనిషి. ముంజేతుల నిండా చెరకు ఆకు కోసిన గాట్లు. మడమల పగుళ్ళలో ఎర్రమట్టి ఏనాటిదో ఉండిపోయింది. మధ్యమధ్య ఆగి ఎడమ భుజం నొక్కుకుంటోంది. అలకడం అయ్యాక, తీరిగ్గా ముగ్గు కూడా వేసింది.

శనివారం అలకడం తన పని, అలికింది. తగలబెట్టడం ఎస్టేటు వాళ్ళ పని, అది వాళ్ళు చూసుకోవాలి.

తాతలు ఓడలెక్కి కూలికొచ్చిన ఆ చెరకు దీవిలో, లెస్కాలియే ఊరి చివర, ఎస్టేటు తోట అంచున ఉన్న ఆ పాకలో ప్రతి శనివారం నాలుగింటికి తెలుగు బడి. జగన్నాథం మాస్టారు వకోవా నుంచి బస్సులో వచ్చి చెబుతారు. పదకొండేళ్ళలో ఒక్క శనివారం కూడా తప్పలేదు. ఆ బడిలో చేరిన పిల్లలకు మొదటిరోజు పలక ఇవ్వరు. ఎండిన చెరకు ఆకును కట్టగా పేర్చి, వెదురు సూదితో, కిత్తనారతో, మూడు ముడులేసి కప్పుకు కట్టాలి. ఆ పాఠం అమ్మాయమ్మది. ఏటా పాత ఆకు తీసి కొత్తది కట్టుకునేదీ పిల్లలే. అందుకే వాన కారితే ఎవరిని తిట్టాలో అందరికీ తెలుసు. పని మధ్యలో లేవాల్సివస్తే సూదిని కప్పులోనే గుచ్చాలి, కింద పెట్టకూడదు. కింద పెడితే పని అయిపోయినట్టని ఆమె నియమం.

ఆ కప్పులో ఆమె కట్ట మాత్రం లేదు, ఆమె చదువుకోలేదు కాబట్టి. చిన్నప్పుడు కూలీల క్యాంపులో పని చేయించే అప్పటి సర్దారు వాళ్ళమ్మతో, "చెరకు నరికే చేతికి అక్షరాలెందుకు?" అన్నాడు. ఆ మాట ఆమెకు యాభై ఏళ్ళుగా అరగలేదు.

పోయిన శనివారం ఇప్పటి సర్దారు రంగయ్య కబురు తెచ్చాడు. పాక ఎస్టేటు నేలలో ఉంది, అక్కడ చెరకు నాటాలి, వచ్చే శనివారం పన్నెండు దాటితే నిప్పు పెడతారు. మాస్టారు అర్జీ రాస్తానన్నారు.

"రాయండి మాస్టారూ. అది బస్సెక్కి మెల్లగా పోద్ది. మనం ఈలోగా నడుద్దాం," అంది అమ్మాయమ్మ.

వారమంతా ఊరు చెరకు నరుకుడులో ఉంది. ఆమె సాయంత్రాలు ఇంటికి వచ్చి, మొగుడు మిగిల్చిపోయిన పెరట్లో కాపుకొచ్చిన వంకాయ మొక్కలన్నీ పీకేసింది. పీకుతుంటే ఏడుపొచ్చింది. అయినా ఆపలేదు.

ఎనిమిదింటికి పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు నిచ్చెనలతో వచ్చారు.

"ఎవరి కట్ట వాళ్ళే. లాగొద్దు, ముడి విప్పు. నేల తొక్కితే కాళ్ళు విరగ్గొడతా. అలే, అలే! కదలండి!" అని అమ్మాయమ్మ కేకేసింది.

అందరూ బయటి నుంచే విప్పారు. ఎవరి కట్ట వాళ్ళు నెత్తికెత్తుకుని, చెరకు దారి వెంట వరసగా నడిచారు. వాసాలు, గుంజలు పెద్దవాళ్ళ భుజాల మీద వెళ్ళాయి. వరసలో రంగయ్య మనవరాలు రామలక్ష్మి కూడా ఉంది.

పన్నెండింటికి రంగయ్య ఇద్దరు మనుషులతో, కిరసనాయిలు డబ్బాతో వచ్చాడు. అలికిన నేల, దాని మీద ముగ్గు, చుట్టూ గుంజలు పీకిన ఎనిమిది గుంటలు. పక్కన అమ్మాయమ్మ.

"ఏం కాలుస్తావు రంగయ్యా? నేలా?"

"నన్నేం చెయ్యమంటావత్తా? ఎస్టేటు దొర, మిస్యే మాట."

"మిస్యే అడిగితే చెప్పు. బడి, ఆయన మాటలో లెకోల్, నడిచి ఎల్లిపోయిందని చెప్పు."

రంగయ్య ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి, డబ్బా పట్టుకుని వచ్చిన దారినే పోయాడు.

అమ్మాయమ్మ పెరట్లో గుంజలు లేచేసరికి రెండు దాటింది. మాస్టారు చొక్కా చేతులు మడిచి, నిచ్చెనెక్కి, మొదటి కట్టను పైన కొప్పు దగ్గర కట్టబోయారు.

"కిందనుంచి మాస్టారూ! చూరు ముందు, కొప్పు ఆఖర్న. అట్టా కడితే వానకి మనమే తలుపు తీసినట్టు."

పిల్లలు పడిపడి నవ్వారు. మాస్టారూ నవ్వుతూ దిగి చూరు దగ్గర మొదలుపెట్టారు.

నాలుగుకు పావుగంట ముందు కప్పు నిండింది, గుమ్మం పక్క చూరులో ఒక్క ఖాళీ తప్ప. అక్కడి కట్ట పుచ్చిపోయింది. అమ్మాయమ్మ వంటింట్లోంచి కొత్త ఆకు కట్ట తెచ్చింది.

"ఇది నాది."

రామలక్ష్మి కళ్ళు పెద్దవి చేసింది. "నువ్వూ బడిలో చేరతావా అవ్వా?"

"నా పెరట్లో బడి, నేను బయటుంటానా? మాస్టారూ, కట్టేశాక నాకు పలక ఇయ్యాలి."

"ఇస్తానమ్మా," అన్నారు మాస్టారు.

రెండు ముడులు వేసింది. చెమటలు పట్టాయి. "కాసేపు," అని సూదిని కప్పులో గుచ్చి, గుంజకు ఆనుకుని కూర్చుంది. నాలుగు కొట్టింది. పిల్లలు ప్రార్థన మొదలుపెట్టారు. ఆమె పెదవులు కూడా కదలడం రామలక్ష్మి చూసింది.

పాఠం అయ్యాక మాస్టారు కొత్త పలక తీసుకుని గుమ్మం దగ్గరికి వచ్చారు. "అమ్మా," అన్నారు. మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలవకుండా పక్కన కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి అప్పటికే చల్లబడింది.

ఆదివారం ఊరంతా కదిలి ఆమెను సాగనంపింది. రంగయ్య పాడె మోశాడు.

తరువాతి శనివారం నాలుగింటికి బడి నడిచింది. నేల రామలక్ష్మి అలికింది. చూరులోని ఆ కట్టకు మూడో ముడి వేస్తామని పిల్లలు అడిగితే మాస్టారు ఒప్పుకోలేదు. గుమ్మం పక్కన రెండు ముడుల మీదే కట్ట నిలబడి ఉంది. మూడోది పడాల్సిన చోట వెదురు సూది గుచ్చినట్టే ఉంది, దాని కన్నంలో మూరెడు కిత్తనార వేలాడుతూ.