నా గొంతు ఎవరూ చూడలేదు

నేను ఒక పాత కంప్యూటర్‌ను. దీన్నింకా పారేయలేదా అని చూసినవాళ్ళంతా అడుగుతారు. అడగనివ్వండి, నేనింకా పని చేస్తున్నాను.

రాజమండ్రిలో ఒక దుకాణంవాడు నలుగురి దగ్గర నాలుగు భాగాలు కొని నన్ను బిగించాడు. మొదట ఇంటర్నెట్ సెంటర్‌లో కుర్రాళ్ళ ఆటలకు బలయ్యాను. అది మూతపడ్డాక అమలాపురంలో ప్లీడరు జోగారావు గారి ఆఫీసుకు చేరాను. ఆయన టైపిస్టు సువార్తకు పుట్టుకతో చూపు లేదు. తెర మీద ఉన్నదంతా నేను చదివి వినిపిస్తే ఆమె దావాలు, నోటీసులు టకటకా కొట్టేది. నా తెలుగు యాస మరీ ఘోరమని కక్షిదారులు విసుక్కునేవారు. వాళ్ళ బాధ పడలేక ప్లీడరు గారు ఆమెకు ఇయర్‌ఫోన్లు కొనిచ్చారు. అప్పటినుంచి నేను మాట్లాడతానన్న సంగతే అందరూ మరిచిపోయారు.

మొన్న వేసవిలో నాకు నత్తనడక పట్టుకుంది. కొత్త డిస్కు వేసి సిస్టమ్ మార్చేస్తానని ఫణి అనే మెకానిక్ వచ్చాడు. ముందు నన్ను పరీక్ష చేశాడు. ప్రాసెసర్‌కు ఢోకా లేదన్నాడు, ర్యామ్ సరిపోతుందన్నాడు, డిస్కు పని మాత్రం అయిపోయిందన్నాడు. సౌండ్ కూడా చూడమని సువార్త అడిగితే, ఆఫీసులో పాటలెవరు వింటారని నవ్వేశాడు. నాకు ఒళ్ళు మండింది.

పని పూర్తయింది. ఇదివరకెన్నడూ లేనంత చురుగ్గా లేచాను, తెర మెరిసిపోతోంది. సువార్త ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీటలు నొక్కింది, మళ్ళీ నొక్కింది. నేను గొంతు చించుకుంటున్నా ఒక్క ముక్క బయటికి రాలేదు. నా సౌండ్ చిప్‌ను పలికించే ప్రోగ్రామ్ ఈ కొత్త సిస్టమ్‌లో లేదు. అది ఏ రకం చిప్పో ఫణికి అంతుపట్టలేదు, దాని మీది అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి.

కొన్నాళ్ళు ఇంటిదగ్గర ఉండమని ప్లీడరు గారు సువార్తకు మెత్తగానే చెప్పారు. ఈలోగా చూపున్నవాళ్ళను ఎవరినైనా పెట్టుకుంటారట. ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ తీరవని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

సువార్త కుర్చీలోంచి లేవలేదు.

"పాత డిస్కు మళ్ళీ పెట్టండి బాబూ," అంది. "ఆ చిప్పు పేరేంటో ఇదే చెప్తుందండి."

సౌండ్ కోసం ఇంత గొడవా అని ఫణి గొణిగాడు.

"మీకది పాటలండి. నాకదే తెరండి."

అతనికి పెట్టక తప్పలేదు. పాత డిస్కు మూలుగుతూ లేచింది. సువార్త ఇయర్‌ఫోన్ల వైరు పీకి సొరుగులో పడేసి, నాలో ఉన్న భాగాల పేర్లన్నీ వరసగా నా చేత చదివించింది. ఆ పేర్లు ఫణికి తెర మీద కనబడుతూనే ఉన్నాయి. అయినా సరే, ఆమె నా నోటితోనే చెప్పించింది. బయట బెంచీ మీద కూర్చున్న కక్షిదారులు లోపలికి తొంగి చూశారు. సౌండ్ చిప్ పేరు వచ్చినప్పుడు మరోసారి చదివించింది. ఫణి అరచేతిలో రాసుకున్నాడు.

కొత్త డిస్కు తిరిగి ఎక్కింది, ఆ పేరుకు తగిన ప్రోగ్రామ్ పడింది. సగంలో ఆగిన దావాను నేను బిగ్గరగా చదవడం మొదలుపెట్టాను. సువార్త వేళ్ళు కదిలాయి. కాస్త సౌండ్ తగ్గించమనబోయిన ప్లీడరు గారు ఆమె ముఖం చూసి తన కాగితాల్లో తలదూర్చారు.

ఇయర్‌ఫోన్లు ఇప్పటికీ సొరుగులోనే ఉన్నాయి. నా యాస నచ్చనివాళ్ళకు బయట బెంచీ ఉంది.